కాళ్లకు సెలవు, కండరానికి పని

రోజూ పరుగెత్తడం మొదలుపెట్టిన 52వ రోజు పొద్దున్నే బూటు లేసు కట్టుకుంటుంటే చేతి బొటనవేలు ఎడమ కాలి ముందెముక మీద నొక్కుకుంది. ప్రాణం జివ్వుమంది. చుట్టూ తడిమి చూశాను, ఎక్కడా ఏమీ లేదు. మళ్లీ సరిగ్గా అక్కడే, గోరంత చోట నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆ రోజూ పరుగుకు వెళ్లాను. ఫోన్‌లో యాప్ "వరసగా 51 రోజులు" అని చూపిస్తోంది మరి. ఆగితే ఆ అంకె సున్నా అయిపోతుందని టెన్షన్. మర్నాడు మంచం దిగి వంటింటి దాకా నడవడమే కష్టమైంది.

డాక్టరు చూసి, ఎముకలో సన్నని పగులు వచ్చిందన్నారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారట. ఆరు వారాలు పరుగు బంద్. వారానికి ఒక్కరోజు ఆగి ఉంటే ఆ 52 రోజుల్లో నాకు తగ్గేవి 7 పరుగులు. ఆ లెక్క తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

నాకు అంతుపట్టనిది ఒకటే. ఆ రోజుల్లో నేను చాలా హుషారుగా ఉన్నాను. మొదటి వారం వచ్చిన ఆయాసం మూడో వారానికి లేదు. నిద్ర బాగా పట్టేది. ఒళ్లు రోజూ "ఇంకొంచెం పరుగెత్తు" అనే అంటోంది. మరి అదే ఒంట్లో ఉన్న ఎముక ఒక్కమాటైనా ఎందుకు చెప్పలేదు?

తర్వాత చదివితే తెలిసింది. ఒంట్లో ఉన్నది ఒక్క గడియారం కాదు. రక్తానికి ఒకటి, కండరానికి ఒకటి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు ఒకటి, ఎముకకు మరొకటి. వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తంలోని ప్లాస్మా, అంటే ద్రవభాగం, పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. ఆయాసం తగ్గుతుంది. మనం "ఫిట్ అయ్యాను" అనుకునేది ఈ తొందర గడియారాన్ని చూసే. మిగతావి నెమ్మదిగా తిరుగుతుంటాయి. వాటి చప్పుడు మనకు వినపడదు.

కండరంలోని ఇంధనంతో మొదలుపెడదాం. మనం తిన్న పిండిపదార్థాలు గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిలవ ఉంటాయి. దీని మీద 1966లో స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు తమ కాళ్ల మీదే ఒక ప్రయోగం చేసుకున్నారు. వ్యాయామానికి వాడే ఒకే సైకిలుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఒకరు ఎడమ కాలితో, ఇంకొకరు కుడి కాలితో, ఇక తొక్కలేమనేదాకా తొక్కారు. రెండో కాలికి పని లేదు. తర్వాత మూడు రోజులు వ్యాయామం మానేసి, పిండిపదార్థాలు బాగా తిన్నారు. మధ్యమధ్యలో లావుపాటి సూదితో రెండు తొడల్లోంచీ చిటికెడు కండ తీసి కొలుచుకున్నారు. సొంత తొడలో సూది దింపుకున్న ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

తొక్కిన కాలిలో గ్లైకోజెన్ మొదట దాదాపు ఖాళీ అయింది. అందులో వింతేమీ లేదు. వింతంతా తర్వాతే. మూడు రోజుల్లో ఆ కాలు ఖర్చయినదాన్ని నింపుకోవడంతో ఆగలేదు, పని చేయని కాలిలో ఉన్నదానికి రెండింతలు దాచుకుంది. ఆ పెరుగుదల తొక్కుతున్నప్పుడు వచ్చింది కాదు, తొక్కడం ఆపాక వచ్చింది. అలాగని ఊరికే కూర్చున్న కాలికీ రాలేదు. తిండీ ఒకటే, రక్తమూ ఒకటే, మనిషీ ఒక్కడే. పని చేసి ఆగిన కాలికే ఆ లాభం. సెలవు రోజు గురించి ఇంతకన్నా చక్కగా చెప్పిన ప్రయోగం నాకు కనిపించలేదు.

ఇక కండ. బరువులెత్తితే కండ పెరుగుతుందంటాం కానీ ఎత్తుతున్నప్పుడు అది పెరగదు, కొంత దెబ్బతింటుంది. పెరిగేది ఆ తర్వాతే. 1990లలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు యువకులతో ఒక్క చేతికే బరువుల వ్యాయామం చేయించి, రెండు చేతుల కండల్లోనూ కొత్త ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతోందో కొలిచారు. 4 గంటలకు కష్టపడిన చేతిలో ఆ వేగం 50 శాతం ఎక్కువగా ఉంది. 24 గంటలకు రెట్టింపు దాటింది. 36 గంటలకు ఇంచుమించు మామూలుకు వచ్చింది. అంటే నిన్న సాయంత్రం జిమ్‌లో చేసినదానికి కండరంలో అసలు హడావుడి ఇవాళ సాయంత్రం నడుస్తుంటుంది. మనం సోఫాలో కాళ్లు చాపుకుని "ఇవాళ ఏమీ చేయలేదే" అని బాధపడే వేళ సరిగ్గా అదే. రాత్రి గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ కూడా ఎక్కువగా విడుదలవుతుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి కదా, అది లాక్టిక్ యాసిడ్ వల్ల అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. జిమ్‌లో ట్రైనర్లూ చెబుతుంటారు. కానీ వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ గంట, గంటన్నరలో మామూలుకు వచ్చేస్తుంది. నొప్పి ముదిరేది మర్నాడో మూడో నాడో. లెక్క కుదరదు. కండర పోగుల్లో ఎక్కడో చిన్న చిన్న చిరుగులు పడి ఉంటాయని అమెరికా శాస్త్రవేత్త థియొడోర్ హఫ్ 1902లోనే రాశాడు. కండరం బరువును ఆపుతూ సాగాల్సి వచ్చినప్పుడు ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. అందుకే కొండ ఎక్కినదానికన్నా దిగినదానికి తొడలు ఎక్కువ పట్టేస్తాయి. మర్నాడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ పక్కకు తిరిగి దిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అదే కొండ కొన్నాళ్లకు మళ్లీ దిగితే నొప్పి చాలా తక్కువ. కండరం ఈలోగా జాగ్రత్తపడుతుంది.

కండకు రక్తప్రసారం ఎక్కువ కాబట్టి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. టెండన్ అలా కాదు. అది కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులతో పేనిన తాడు లాంటిది, రక్తం అందేది తక్కువ. గట్టి వ్యాయామం తర్వాత అందులో పాత కొలాజెన్ విరగడమూ, కొత్తది తయారవడమూ రెండూ పెరుగుతాయి. మొదటి రోజు, రోజున్నర దాకా విరిగేదే ఎక్కువ. ఆ తర్వాతే జమ వైపు మొగ్గుతుంది, తయారీ మూడు రోజుల దాకా సాగుతుంది. జమ మొదలవకముందే మళ్లీ మళ్లీ లాగుతుంటే ఏమవుతుంది? మడమ వెనకో, మోకాలి చిప్ప కిందో నెలల తరబడి వదలని నొప్పి మొదలవుతుంది.

ఎముక ఇంకా నిదానం. రాయిలా కనిపిస్తుంది కానీ లోపల ఎప్పుడూ మరమ్మతు నడుస్తూనే ఉంటుంది. ఒత్తిడి పడి అరిగిన చోటును మొదట ఒక రకం కణాలు తవ్వి తీసేస్తాయి. దానికి సుమారు మూడు వారాలు. తవ్విన గుంతను ఇంకో రకం కణాలు పూడ్చి గట్టిపరుస్తాయి. దానికి మూడు నాలుగు నెలలు. అంటే మూడు వారాలు రోజూ పరుగెత్తినవాడి ఎముకలో గుంతలు తవ్వడం అయిపోయి ఉంటుంది, పూడ్చడం ఇంకా మొదట్లోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాడికి ఆయాసం పోయి హుషారు వస్తుంది, దూరం పెంచుతాడు. నేను చేసింది అక్షరాలా అదే.

ఇది కొత్త సంగతేమీ కాదు. కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ రాశాడు. ఎక్స్-రేలు కనిపెట్టింది 1895లో. ఆ తర్వాత గానీ అది ఎముక పగులని తేలలేదు. ఇప్పటికీ కొత్తగా సైన్యంలో చేరినవాళ్లలో శిక్షణ మొదటి వారాల్లోనే ఈ పగుళ్లు ఎక్కువ.

ఎముక గురించి ఇంకో చిత్రమైన సంగతి ఉంది. ఒత్తిడి పడితేనే అది గట్టిపడుతుంది, నిజమే. కానీ కొన్ని పదుల సార్లు ఒత్తిడి పడ్డాక ఎముక కణాలు ఇక పట్టించుకోవడం మానేస్తాయి. ఎవరైనా అదే పనిగా పిలుస్తుంటే మనం పలకడం మానేసినట్టు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ స్పందన మళ్లీ పూర్తిగా రావడానికి సుమారు 8 గంటల విరామం కావాల్సి వచ్చింది. కాబట్టి ఎముక గట్టిపడాలని ఒకే దెబ్బన గంటలకు గంటలు పరుగెత్తితే అరుగుదల పెరుగుతుంది కానీ లాభం పెరగదు.

"సరే, ఆగితే సంపాదించిందంతా పోదా?" అన్నది అందరి భయం. నాదీ అదే.

1950 ఆగస్టులో చెకొస్లొవాకియా పరుగువీరుడు ఎమిల్ జాటొపెక్‌కు తిన్నది వికటించి సుమారు రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. రోజూ ఒళ్లు హూనమయ్యేలా సాధన చేసే మనిషి. యూరోపియన్ చాంపియన్‌షిప్ పోటీలు ఇంకో రెండు రోజుల్లో ఉన్నాయనగా బయటికొచ్చి, బ్రసెల్స్ వెళ్లి, 10,000 మీటర్ల పరుగులో రెండోవాడికన్నా దాదాపు ఒక చుట్టు ముందు గెలిచాడు. 5,000 మీటర్లలో 23 సెకన్ల తేడాతో గెలిచాడు. జబ్బుపడటం మంచిదని కాదు. అన్నాళ్ల అలసట కింద దాగిన సత్తా ఆ రెండు వారాల్లో పైకి వచ్చింది, అంతే. ఇప్పుడు పెద్ద పోటీకి ముందు రెండు వారాలు సాధనను సగానికి తగ్గించడం క్రీడాకారులకు మామూలు పద్ధతి అయిపోయింది.

మనలాంటి మామూలు మనుషులకు ఇంకా ఊరటనిచ్చే ప్రయోగం 1981 నాటిది. రాబర్ట్ హిక్సన్ బృందం కొందరితో వారానికి 6 రోజుల చొప్పున 10 వారాలు గట్టిగా సాధన చేయించి, తర్వాత 15 వారాలు కొందరికి 4 రోజులకు, కొందరికి రెండే రోజులకు తగ్గించింది. చేసే రోజున తీవ్రత మాత్రం తగ్గించలేదు. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ఎవరికీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పూర్తిగా మానేస్తేనే రెండు మూడు వారాల్లో అది పడిపోవడం మొదలవుతుంది, అందులోనూ ముందు తగ్గేది తొందరగా వచ్చిన ఆ ప్లాస్మాయే. కండబలం మూడు నాలుగు వారాల దాకా పెద్దగా కదలదు. ఒక్క ఆదివారం ఏం ఎత్తుకుపోతుంది?

అయితే సెలవంటే మంచం కాదు. ఇది గట్టిగా చెప్పాలి. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల ఆక్సిజన్ సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. అదే అయిదుగురినీ 30 ఏళ్ల తర్వాత, 50 ఏళ్ల వయసులో, మళ్లీ పరీక్షించారు. ఆ 30 ఏళ్లలో పెరిగిన వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. కాబట్టి సెలవు రోజున నడవండి, ఇంట్లో పని చేసుకోండి, మెల్లగా సైకిలు తొక్కండి. మాట్లాడుతూ చేయగలిగేదేదైనా పరవాలేదు. మామూలు నడకకు అసలు సెలవే అక్కర్లేదు.

మరి ఎన్ని రోజులు ఆగాలి? ఒకే కండరానికి రెండుసార్లు గట్టి పని పెట్టేటప్పుడు మధ్యలో 48 గంటలు అన్నది బరువుల విషయంలో అందరూ పాటించే లెక్క. ఇవాళ కాళ్లకు పెడితే రేపు భుజాలకు పెట్టొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం 2 రోజులు కండరాలకు పని అనే. ఏడు రోజులూ చేసి తీరాలని ఎక్కడా లేదు. నన్నడిగితే కొత్తవాళ్లు పరుగును రోజు విడిచి రోజు చేయడమే మేలు. ఈ పద్ధతి కాలి ఎముకను ఖర్చుపెట్టి నేర్చుకున్నాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

గమనించుకోవాల్సినవి కొన్నున్నాయి. పొద్దున లేవగానే నాడి మామూలు కన్నా వేగంగా కొట్టుకోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, నిన్నటి దూరమే ఇవాళ బరువుగా అనిపించడం. ఇవి వారాల తరబడి సాగితే కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. అలవాటులేని వ్యాయామం బాగా ఎక్కువ చేశాక మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం అది సెలవుతో పోయేది కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరంలోని పదార్థాలు మూత్రపిండాల మీద పడుతున్నాయన్నమాట.

ఇక నొప్పి. రెండు కాళ్లలోనూ సమానంగా, కండ పొడుగునా ఉండి, రెండు రోజుల్లో తగ్గితే కంగారు లేదు. ఒక్క కాలిలో, వేలితో చూపించగలిగే ఒక్క చోట, ఎముక మీద, రోజురోజుకూ పెరుగుతుంటే ఆ రోజు బూట్లు విప్పేయాల్సిందే.

ఇప్పటికీ సెలవు రోజు పొద్దున ఎడమ కాలి ముందెముక మీద బొటనవేలితో పైనుంచి కిందికి ఒకసారి నొక్కుకుంటూ వస్తాను. మోకాలి కింద మొదలుపెట్టి చీలమండ దాకా. ఏమీ లేకపోతే లేచి ఏదో పనిలో పడతాను. యాప్ తీసేయలేదు, ఫోన్‌లో ఉంది. అందులో వరస 6 దాటడం లేదు.