గొట్టంలో పాచి

తలకోన జలపాతం దగ్గర బండల మీద నడిచినవాళ్లకు పాచి అంటే ఏమిటో ఒకరు చెప్పనవసరం లేదు. పొద్దున్నే పళ్ల మీద నాలుకకు తగిలే జిడ్డుపొరను కూడా మనవాళ్లు పాచి అనే అన్నారు. బండకూ పంటికీ ఒకే మాట వాడిన ఆ చూపు ఎంత సరైనదో సూక్ష్మజీవశాస్త్రం చాలా ఆలస్యంగా గ్రహించింది. 1683లో లేవన్‌హుక్ అనే డచ్ బట్టల వ్యాపారి తన పళ్ల సందుల్లోని పాచిని గీకి, తానే అరగదీసిన కటకం కింద పెట్టి చూశాడు. అందులో కదులుతున్న జీవుల గురించి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరం రాశాడు. బండ మీది పొర, పంటి మీది పొర ఒకే తీరున కట్టుకుంటాయని గుర్తించి, వాటన్నిటినీ బయోఫిల్మ్ అన్న ఒక్క పేరు కిందికి తేవడానికి మరో మూడు వందల ఏళ్లు పట్టింది.

ఆ పాచి ఇప్పుడు శేషాచలం కొండల్లో నడిచేవాళ్ల వీపు సంచుల్లోనూ పెరుగుతోంది. సంచిలో ఇమిడే రెండు లీటర్ల మెత్తటి ప్లాస్టిక్ తిత్తి, దాని నుంచి భుజం మీదుగా నోటి దాకా వచ్చే గొట్టం, చివర కొరికితే నీళ్లు వదిలే సిలికాన్ మూతి. వాటర్ బ్లాడర్ అంటున్నారు. పాతకాలపు తోలుతిత్తి గుర్తొస్తుంది కనుక నేను నీటి తిత్తి అంటాను. మన ఎండల్లో నడక ఆపకుండా గుక్కెడు గుక్కెడు తాగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు.

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం వెళ్లినప్పుడు దారిలో ఒక అబ్బాయి తన తిత్తిలో నీళ్లు కంపు కొడుతున్నాయని అన్నాడు. ఆ ఉదయమే మూడుసార్లు కడిగానని కూడా చెప్పాడు. గొట్టాన్ని ఎండకు అడ్డంగా పట్టి చూస్తే లోపల బూడిదరంగు పొర, దాని మీద నల్లటి బూజు చుక్కలు. మూడుసార్లు కడిగినా అది ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న.

మనం తాగేటప్పుడు నోటిలోని బ్యాక్టీరియా కొంత మూతిలోకి చేరుతుంది. వాటిలో కొన్ని గోడకు అంటుకుని, చక్కెరల గొలుసులతోనూ ప్రోటీన్లతోనూ ఒక జిగురును స్రవించి, అందులోనే కాపురం పెడతాయి. చేతికి జారుడుగా తగిలేది ఆ జిగురే. ఇక గొట్టంలో నీళ్లు పారించి కడుగుతాం కదా, గొట్టం మధ్యలో నీరు వేగంగా పోతుంది కానీ గోడను ఆనుకున్న పలుచటి పొర దాదాపు కదలదు. ద్రవాల స్వభావమే అంత. ఎన్నిసార్లు నీళ్లు వదిలినా పాచి ఉన్నచోటే ఆ ప్రవాహం బలహీనం.

పైగా గొట్టం సన్నగా ఉండడం పాచికి మరింత అనుకూలం. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, పొడవు మీటరు అనుకుంటే అందులో పట్టే నీళ్లు 28 మిల్లీలీటర్లే, గోడ వైశాల్యం మాత్రం సుమారు 190 చదరపు సెంటీమీటర్లు. అంటే ప్రతి మిల్లీలీటరు నీటికీ దాదాపు 7 చదరపు సెంటీమీటర్ల గోడ తగులుతుంది. రెండు లీటర్ల తిత్తిలో ఆ లెక్క ఒకటి కూడా రాదు. అందరూ తిత్తిని శ్రద్ధగా కడిగి గొట్టాన్ని వదిలేస్తారు. జరగవలసింది దానికి తలకిందులు.

మందు పోస్తే చాలనుకోవడమూ పొరపాటే. బ్లీచింగ్ ద్రావణంలోని క్లోరిన్ జిగురు పైపొరతో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది, లోపలివాటి దాకా చేరేది తక్కువ. పంటి పాచి పుక్కిలిస్తే పోదని మనకు తెలుసు, తోముతాం. గొట్టాన్నీ తోమాలి. సన్నటి పొడవు బ్రష్షు దొరికితే మంచిది. లేకపోతే నైలాన్ దారానికి చిన్న గుడ్డపీలిక గట్టిగా ముడివేసి, సబ్బునీళ్లలో ముంచి, గొట్టం గుండా నాలుగైదుసార్లు లాగాలి. మూతిని ఊడదీసి దాని చీలికలోనూ రుద్దాలి. తోమిన తర్వాత బ్లీచింగ్ పనికొస్తుంది. సువాసన కలపని 5 శాతం బ్లీచింగ్ ద్రావణం లీటరు నీటికి ఒక చిన్న చెంచాకు మించకుండా కలిపి, అరగంట నానబెట్టి, వాసన పోయేదాకా మంచినీళ్లతో జాడించాలి. వంటసోడా వాసన తీస్తుంది, సూక్ష్మజీవులను చంపుతుందని నమ్ముకోకూడదు.

తిరుపతి చుట్టుపక్కల బోరునీళ్లు వాడే ఇళ్లలో గీజరుకు పట్టే తెల్లటి పొర ఇక్కడా పడుతుంది. అది కాల్షియం కార్బొనేట్. దాని గరుకుతనం పాచికి పట్టు ఇస్తుంది. నిమ్మరసం కలిపిన నీళ్లు కాసేపు ఉంచితే కరుగుతుంది. కానీ నిమ్మరసమో వెనిగరో బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఒక రోజు ఒకటి, మరో రోజు మరొకటి.

తిత్తిలో మజ్జిగ, గ్లూకోజు నీళ్లు పోసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వట్టి నీళ్లలో బ్యాక్టీరియాకు తిండి కరువు. చక్కెర, పాలపదార్థాలు దొరికితే, మన వీపు వేడికి విజృంభిస్తాయి. మజ్జిగకూ గ్లూకోజు నీళ్లకూ విడిగా ఒక సీసా పెట్టుకోండి.

ఆరబెట్టడమే అన్నిటికంటే ముఖ్యం, కష్టమూ అదే. తడి లేనిచోట పాచి పెరగదు, కానీ సన్నటి గొట్టం తనలోని నీటిబొట్లను సులభంగా వదలదు. గొట్టాన్ని ఊడదీసి, ఆరుబయట వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పితే చాలా నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆపైన దండేనికి నిలువుగా వేలాడదీయాలి, నీడలోనే. ఎండకు పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసవుతుంది. తిత్తి గోడలు అంటుకోకుండా లోపల ఒక గరిటె నిలబెట్టవచ్చు. నాగలాపురం వాగులు నిండుగా పారే నవంబరు, డిసెంబరు నెలల్లో గాలిలోనే తేమ. అప్పుడు రెండు రోజులైనా ఆరదు. అలాంటప్పుడు శుభ్రం చేసి నీళ్లు దులిపిన తిత్తిని, గొట్టాన్ని సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెడతాను. చలికి సూక్ష్మజీవులన్నీ చావవు కానీ పెరగవు. బయటికి తీశాక ప్లాస్టిక్ మెత్తబడేదాకా వంచకూడదు, పగులుతుంది.

తుంబురు తీర్థం దారిలో కలిసిన అబ్బాయి గొట్టంలోని బూజు చుక్కలు అప్పటికే ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయాయి. ఎంత తోమినా పోవు. తిత్తి బాగానే ఉంది కనుక గొట్టం, మూతి మాత్రం కొత్తవి వేయించుకోమన్నాను. ఆ రోజుకు నా సీసాలో నీళ్లు ఇద్దరమూ పంచుకున్నాం.