సెప్టిక్ ట్యాంకు నిండకపోతే మంచిదేనా? అపోహలు - వాస్తవాలు

"మా ట్యాంకు కట్టి ఇరవై ఏళ్లయింది సార్, ఇంతవరకూ నిండలేదు." పల్లెల్లో మురుగునీటి పని మీద తిరిగే నాకు ఈ మాట ఎక్కడికెళ్లినా వినపడుతుంది. వాళ్లు గర్వంగా చెప్తారు. నాకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది.

సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలుపెట్టిన కొద్ది రోజులకే నిండుతుంది. అవుట్‌లెట్ పైపు దాకా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, ఉండాలి కూడా. లోపలికి ఎన్ని వస్తే అన్ని ఇంకుడు గుంతలోకి పోతాయి. మనం చూడాల్సింది అడుగున పేరుకున్న బురదని. బరువైనదంతా కిందికి దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో కాస్త తేరుకున్న నీరు బయటికి పోతుంది. బాక్టీరియా ఆ బురదను కొంత కుళ్లబెట్టి తగ్గిస్తుంది కానీ మొత్తం కరిగించలేదు. ట్యాంకు లోతులో మూడో వంతు దాకా బురద చేరిందంటే నీరు తేరుకోవడానికి చోటు చాలదు. ఇక బురద నీటితో పాటే వెళ్లి ఇంకుడు గుంతలో మట్టి రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయించడం ఒక పూట పని. మూసుకుపోయిన గుంత చాలాసార్లు బాగుపడదు, మరోచోట కొత్తది తవ్వాల్సిందే. అందుకే రెండు మూడేళ్లకోసారి పైనుంచే పొడవాటి కర్రతో బురద మందం కొలిపించండి.

నిజంగానే మట్టం పైకి రాని ట్యాంకులూ ఉంటాయి. అవి ఇంకా ప్రమాదం. అడుగు కాంక్రీటు వేసి ఉండరు, లేదా గోడ పగిలి ఉంటుంది, మురుగు నేరుగా నేలలోకి ఇంకిపోతుంది. ఒక ఇంట్లో మూత తీయిస్తే నీళ్లు పైపుకు చాలా కింద ఉన్నాయి. ఇంటాయన సంతోషపడ్డారు, నేను బావి ఎటువైపని అడిగాను. పెరట్లోనే, పల్లం వైపు ఉంది. పరీక్ష చేయిస్తే ఆ బావి నీళ్లలో మలం నుంచి వచ్చే బాక్టీరియా, మురుగులోని నత్రజని నుంచి ఏర్పడి నీళ్లలో కరిగిపోయే నైట్రేట్ రెండూ తేలాయి. "చంటిదానికి కాచే పట్టాను కదండీ" అని ఆ ఇంటి కోడలు ఏడ్చేసింది. ఆమె తప్పేమీ లేదు, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. ఆరు నెలల లోపు, సీసా పాలు తాగే పిల్లల్లో అది రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. వెంటనే వేరే నీళ్లకు మార్పించాం. పాప బాగానే ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బాక్టీరియా పొడులు కొనొద్దు. కావాల్సిన బాక్టీరియా మలంతోనే రోజూ వస్తోంది, ఏ పొడీ బురద తీయించే పనిని తప్పించదు. ట్యాంకు నుంచి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో వైరస్‌లు, నులిపురుగుల గుడ్లు ఉంటాయి, ఆకుకూరలకు పెట్టొద్దు. ఊరి మురుగును కుంటల్లో శుద్ధి చేసేచోట నీరు పచ్చబడిందని భయపడేవాళ్లుంటారు. మీటరు, మీటరున్నర లోతు కుంటలో ఆ పచ్చదనం మంచిదే. అది నాచు, పగటిపూట బాక్టీరియాకు ఆక్సిజన్ ఇచ్చేది అదే. నల్లబడి కంపు కొడితే అప్పుడు చూపించండి.

"వాసన తగ్గింది, ట్యాంకులోకి దిగొచ్చు" అనే మాట మాత్రం దయచేసి ఎవరూ నమ్మొద్దు. ట్యాంకులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. మూత తీసి కాసేపు వదిలేసినా, అడుగున బురద కదపగానే గ్యాస్ మళ్లీ లేస్తుంది. దీపం వెలిగించి చూడటం ఇంకా ఘోరం, లోపలుండే మీథేన్ అనే మండే వాయువు అంటుకుంటుంది. బురద ట్యాంకర్ పైపుతోనే తీయించండి. లోపల ఎవరైనా పడిపోతే కాపాడాలని వెనకే దిగిన మనిషి కూడా అక్కడే కూలిపోతాడు. దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి, ముందు అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి.