కొల్లేటికి వచ్చే దారులెన్నో, పోయే దారి ఒక్కటే

మైలవరం వైపు కొండల్లో గట్టి వాన కురిస్తే బుడమేరు కొన్ని గంటల్లోనే పొంగుతుంది. అక్కడ వాలు ఎక్కువ. కొల్లేరు సరస్సు వైపు పోయే ఆ వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర కాలువలోకి మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ తగ్గి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండిన నదిలోకి కాలువ నీరు ఎలా దిగుతుంది? వెనక్కి ఎగదన్నింది, గట్లకు గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్లు, ఏరు పొంగినప్పుడు పరుచుకునే పల్లంలో లేచినవే.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటికి తోడు డెల్టా మురుగు కాలువలు. అన్నీ చివరికి కొల్లేటికే. కృష్ణా గోదావరులు చెరో పక్క ఒండ్రు పోసి నేలను ఎత్తు చేస్తుంటే మధ్యలో మిగిలిన పల్లం అది. లోతు తక్కువ. వానాకాలంలో విశాలంగా పరుచుకుని వేసవికి కుంచించుకుపోయేది. నీరు తీసిన నేలలో దాళ్వా (రబీ) వరి పండించేవారు.

చేపల చెరువులు ఈ ఊపిరిని బిగించాయి. తవ్విన మట్టిని చుట్టూ గట్టుగా పోస్తారు. గట్టు మీద నిలబడి చూస్తే సంగతి అర్థమవుతుంది: లోపల నిండుగా నీరు, బయట వరదకు మిగిలింది రెండు గట్ల నడుమ ఇరుకు సందు. ఉపగ్రహ చిత్రంలో రెండూ నీళ్లే. వరదకు మాత్రం నిండిన చెరువులో చోటుండదు. ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం కింద ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో పెద్ద ఎత్తున గట్లు కొట్టేశారు, చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. చెరువే తిండి పెట్టే లంక గ్రామాల గోడు నిజమైనదే, వారికి వేరే బతుకుదారి చూపకుండా గట్లు కొట్టడం అన్యాయమని నా నమ్మకం.

ఇంత నీరూ సముద్రానికి చేరాల్సింది ఉప్పుటేరు గుండానే. సుమారు 60 కిలోమీటర్ల ఈ దారిలో వాలు దాదాపు లేదు. పూడిక, గుర్రపుడెక్క నడకను ఇంకా మందగింపజేస్తాయి. పోటు వేళ సముద్రం ఎదురు తోస్తుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు ఉప్పునీరు ఇదే దారిన పైకి వస్తుంది. దాన్ని ఆపడానికి ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు కట్టాలని ఏళ్లుగా అంటున్నారు. కట్టవలసిందే. కానీ ఆ తలుపులు ఉప్పును ఆపుతాయేగాని, బుడమేరు తెచ్చే వరదకు సరస్సులో చోటు చూపలేవు.