నా జ్ఞాపకంలోని ఎండ

ఇందిరాగాంధీ చనిపోయిన వార్త విన్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బడి ముందు ప్రార్థనకు నిలబడ్డాం. ఎండ చుర్రుమంటోంది. హెడ్మాస్టరుగారు ఏదో చెప్పబోయి, గొంతు పూడుకుపోయి, పైపంచెతో కళ్లు ఒత్తుకున్నారు. లాంగ్‌బెల్ కొట్టారు. ఇంటికి పరుగెత్తుకొస్తే అమ్మ రేడియో ముందు కూలబడి ఏడుస్తోంది.

ఇన్నేళ్లుగా కళ్లకు కట్టినట్టున్న ఈ దృశ్యం ఇలా జరిగే వీలే లేదు. 1984 అక్టోబర్ 31 ఉదయం కాల్పులు జరిగినా, ఆకాశవాణి మరణవార్తను ప్రకటించింది సాయంత్రం. అమ్మ ఏడ్చింది దీపాలు పెట్టే వేళకని అక్క చెప్పింది. హెడ్మాస్టరుగారి కన్నీళ్లు మర్నాటివి. రెండు రోజులను నా మనసు ఒక్కటిగా కుట్టేసింది.

ఇలాంటి జ్ఞాపకాలకు మనస్తత్వవేత్తలు రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ 1977లో 'ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు' అని పేరుపెట్టారు. పెద్ద వార్త చెవిన పడగానే ఆ క్షణం ఫోటోలా ముద్రపడిపోతుందని వారి ఊహ. మరో మనస్తత్వవేత్త అల్రిక్ నైసర్ దీన్ని నమ్మలేదు. అందుకు ఆయన బాల్యమే కారణం. 1941 డిసెంబర్ 7న అమెరికా నౌకాస్థావరం పెరల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగినప్పుడు ఆయనకు పదమూడేళ్లు నిండబోతున్నాయి. రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటుండగా మధ్యలో ఆపి వార్త చెప్పారని ఎన్నో ఏళ్లు నమ్మారు. డిసెంబరులో బేస్‌బాల్ పోటీలుండవన్న సంగతి చాలాకాలానికి గాని ఆయనకు తట్టలేదు! ఆ రోజు న్యూయార్క్‌లో జరిగింది ఫుట్‌బాల్ మ్యాచ్. ఆడిన జట్లు జెయింట్స్, డాడ్జర్స్. అవే పేర్లతో బేస్‌బాల్ జట్లూ ఉండేవి.

1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక చాలెంజర్ పేలిపోయింది. మర్నాడు ఉదయమే నైసర్, నికోల్ హార్ష్ ఎమరీ విశ్వవిద్యాలయంలో 106 మంది విద్యార్థుల చేత, వార్త ఎలా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత వారిలో 44 మందిని మళ్లీ అడిగితే, పావు వంతు మందికి ఒక్క వివరమూ సరిపోలలేదు. అయినా చాలామంది తమ జ్ఞాపకమే నిజమన్న ధీమాతో ఉన్నారు. స్వదస్తూరీతో ఉన్న కాగితాన్ని ముందు పెట్టినా పాత జ్ఞాపకం ఒక్కరికీ తిరిగి రాలేదు.

భయం, దుఃఖం కలిగినప్పుడు ఒత్తిడి హార్మోన్లు మెదడులో ఉద్వేగాలను చూసుకునే అమిగ్డలా అనే భాగాన్ని మేల్కొల్పి, జరిగినదాని సారాన్ని గట్టిగా నాటుతాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న వివరాలకు అంత బలం దక్కదు. పైగా తలచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మళ్లీ అల్లుకుంటుంది; పెద్దల మాటలు, పత్రికల ఫోటోలు అందులో కలిసిపోతాయి. చితి పక్కన నిలబడ్డ రాజీవ్ గాంధీని నేను టీవీలో చూశాననే అనుకునేవాణ్ని. అప్పటికి మా ఊళ్లో టీవీ లేదు.

ఇదంతా వార్త విన్నవాళ్ల సంగతి. ఇందిర హత్య తర్వాతి రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే, అధికారిక లెక్క ప్రకారం, 2,733 మంది సిక్కులను చంపేశారు. తండ్రిని కళ్లెదుటే పోగొట్టుకున్న పిల్లల జ్ఞాపకాన్ని ఈ కొలతతో తూచడం అన్యాయం. వాళ్లు అనుభవించింది వార్త కాదు.

అక్కతో మాట్లాడాక ఆ ఎండను వదులుకున్నాను. రేడియో ఏ గదిలో ఉండేదన్న దానిపై మాకు ఇంకా పేచీ ఉంది. ఆ రాత్రి అమ్మ పొయ్యి వెలిగించలేదన్నది మాత్రం ఇద్దరికీ గుర్తుంది.