నడుం నొప్పికి పప్పు మానేశారా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తున్న నా దగ్గరికి నడుం నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే సగం కూరలు మానేసి వస్తారు. వంకాయ, బంగాళాదుంప, గోంగూర, చింతపండు, చివరికి కందిపప్పు కూడా.

అపోహ: పప్పు, దుంపలు, పులుపు తింటే నడుం పట్టేస్తుంది.

"పప్పు తింటే వాతం చేసేస్తాది కదేటి బాబూ?" అంటారు. పప్పు తింటే కొందరికి కడుపు ఉబ్బరం చేస్తుంది, నిజమే. కానీ ఆ గ్యాస్ వెన్నుపూసల్లోకి వెళ్లే దారి లేదు. పప్పుతో రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుందన్న భయం ఇంకొకటి. అది పెరిగితే వచ్చే గౌట్ అనే కీళ్ల జబ్బు ఎక్కువగా కాలి బొటనవేలిని పట్టుకుంటుంది, నడుముకి రావడం చాలా అరుదు. మన ఆడవాళ్ల కంచంలో ప్రోటీన్ ఉండేదే ఆ కాస్త పప్పులో. అదీ తీసేసి చారన్నంతో సరిపెడితే వెన్నుకు ఆసరాగా ఉండే కండరాలు నీరసిస్తాయి. పలాసలో రోజంతా వంగి కూర్చుని జీడిపిక్కల పని చేసేవాళ్లకు ఆ కండరాలే దిక్కు. మీకు పడనిది మానండి, ఎదురింటి పిన్నికి పడనిది కాదు.

అపోహ: అయితే తిండికీ నడుముకీ సంబంధమే లేదు.

ఉంది, కాకపోతే నిదానంగా. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు, ఐఎల్-6 లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో పైకి కనిపించని ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు, మంట) ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నొప్పి త్వరగా రేగుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులో పెద్దయ్యాక రక్తనాళాలు దాదాపు ఉండవు, పక్క ఎముకల నుంచి ఊరే పోషణే దానికి ఆధారం. షుగర్ అదుపు తప్పినా, పొగ తాగినా ఆ కాస్తా దెబ్బతింటుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలూ, ఇది మీకు కూడా!

అందుకే అన్నం కొంత తగ్గించి ఒక పూట చోడి (రాగి) అంబలి, ఆకుకూర పెట్టుకోమంటాను. వేపుళ్లు, బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు తగ్గించాలి. కవళ్లు, కానాగంతల లాంటి చేపల్లో ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉంటుంది. వేపుడుకన్నా పులుసు మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పప్పు, చేపలు ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఇంత చేసినా వ్యాయామం లేకుండా తిండి ఒక్కదానితో నడుం నొప్పి పోదు.

అపోహ: పసుపు పాలు చాలు.

పసుపులో అసలు పదార్థం కర్కుమిన్ సుమారు 3 శాతమే, అదీ ఒంటికి సరిగా పట్టదు. తాగండి, మందని మాత్రం అనుకోవద్దు.

అపోహ: నొప్పి బిళ్ల రోజూ వేసుకున్నా ఏం కాదు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం ఊళ్లలో ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చన్నది మాత్రం ఎప్పుడో తేలింది. ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. షాపులో అడిగి తెచ్చుకునే ముందు ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ ఏదైనా పథ్యంతో పోతుంది.

40 ఏళ్లలోపే మొదలై, పొద్దున అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి పడుకుంటే పెరిగే నొప్పి వేరు. అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ల ఇన్‌ఫ్లమేషన్ జబ్బు కావచ్చు, పథ్యంతో ఆగకుండా రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి. కాలు బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.