ఆటోనగర్ నుంచి ప్యారానగర్ దాకా: హైదరాబాద్ చెత్త వెళ్లిన దారి

2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని ప్యారానగర్, నల్లవల్లి గ్రామాల జనం రోడ్డెక్కారు. అక్కడి 152 ఎకరాల్లో హైదరాబాద్ చెత్త కోసం ప్లాంటు పనులు పోలీసు బందోబస్తు మధ్య మొదలయ్యాయి. ఇది డంపింగ్ యార్డు కాదు, చెత్తను శుద్ధి చేసే ప్లాంటు అని అధికారులు చెప్పారు. జనం నమ్మలేదు. టెంట్లు వేసుకుని రిలే దీక్షలకు కూర్చున్నారు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారని వాళ్లను అనేయడం తేలికే. కానీ వాళ్లు ఇన్నేళ్లుగా హైదరాబాద్ చెత్త చేరిన జవహర్‌నగర్ యార్డును చూసి ఉన్నారు.

జవహర్‌నగర్ కంటే ముందు హైదరాబాద్ చెత్తలో చాలా భాగం ఎల్బీ నగర్ వైపు ఆటోనగర్‌లో, జింకల పార్కుకు దగ్గర్లో పడేది. ఆ రోజుల్లో అది ఊరి బయట. చుట్టూ కాలనీలు పెరిగాక వాసన, పొగ, ఈగలు భరించలేమని జనం మొత్తుకున్నారు. అప్పుడు ఊరికి ఇంకో కొసన, ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని జవహర్‌నగర్ వైపు లారీలు తిరిగాయి. 2000 దశకం మొదట్లో మొదలైన ఆ కుప్ప 300 ఎకరాలు దాటిన యార్డులో కొండలా పెరిగింది. నగరం నుంచి రోజుకు 7,000 టన్నులకు పైగా చెత్త వస్తుంటే పెరగక ఏమవుతుంది? కుప్పల్లోంచి కారే నల్లటి నీళ్లు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేశాయి. బోర్లలో రంగు మారిన నీళ్లు వచ్చాయి. స్థానికులు ఎన్నోసార్లు చెత్త లారీలను ఆపారు, కోర్టులకు వెళ్లారు. తర్వాత పాత కుప్ప మీద మట్టి, ప్లాస్టిక్ పొరలు వేసి మూశారు. 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు కూడా వచ్చింది. వాసన మాత్రం పూర్తిగా పోలేదని చుట్టుపక్కల వాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇదంతా చట్టం లేక జరిగింది కాదు. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ దేశంలోని నగరాల చెత్త మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. దాని ఫలితంగానే 2000 సంవత్సరంలో కేంద్రం మొదటిసారి మున్సిపల్ చెత్త నిబంధనలు తెచ్చింది. తడి చెత్తను ఎరువు చెయ్యాలి, కుళ్లనిది, మరెందుకూ పనికిరానిదే భూమిలో పూడ్చాలి, ప్రాసెసింగ్ కేంద్రాలు 2003 డిసెంబర్ 31లోగా రావాలి అన్నది ఆ నిబంధనల సారం. గడువు అలా వచ్చి అలా వెళ్లిపోయింది. జవహర్‌నగర్ కుప్ప పెరిగింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

చేతగాని పనైతే సర్దుకుపోవచ్చు. కానీ అవే రోజుల్లో, అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న సూర్యాపేట చేసి చూపించింది. లక్షకు దగ్గరగా జనాభా ఉన్న ఊరు. ఇంటింటికీ ట్రాక్టర్ పంపి తడి, పొడి చెత్త వేరుగా తీసుకున్నారు. తడిది వానపాములతో ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. పెద్ద యంత్రాలేమీ లేవు. ఎక్కడెక్కడి మున్సిపాలిటీల వాళ్లో వచ్చి చూసి వెళ్లారు.

నిజానికి ఈ పని మన పల్లెలకు కొత్త కాదు. పేడ, ఊడ్చిన చెత్త, పశువులు తినగా మిగిలిన గడ్డి అన్నీ పెంటకుప్పలో పడేవి. ఎండాకాలంలో బండ్లు కట్టి ఆ పెంటను పొలానికి తోలేవాళ్లు. పట్నం చెత్తను కూడా రైతులు అలాగే తోలుకెళ్లిన రోజులున్నాయి. ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు కలవడం మొదలయ్యాక రైతు వద్దన్నాడు. రైతు వద్దన్న చెత్తే డంపింగ్ యార్డులకు చేరింది.

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు ఇచ్చారు, స్వచ్ఛ ఆటోలు తిప్పారు. జనం కొన్నాళ్లు శ్రద్ధగానే వేరు చేశారు. బండిలోకి ఎక్కాక రెండూ ఒకటే అవుతున్నాయని కళ్లారా చూసినవాళ్లు మానేశారు. ఆ నీలం బుట్ట ఇప్పుడు ఎన్ని ఇళ్లలో బియ్యం డబ్బానో! ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకోలా నడిచింది. 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద మూడు రంగుల బుట్టలు, వేలాది బండ్లు వచ్చాయి. వాటితోపాటు ఇంటికి నెలకు 30 నుంచి 120 రూపాయల వసూలు కూడా వచ్చింది. అధికారులు యూజర్ చార్జీ అన్నారు, జనం 'చెత్త పన్ను' అన్నారు. ఆస్తి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఇదేంటి అని గొడవలయ్యాయి. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. డబ్బు గురించి జరిగినంత చర్చ, వేరు చేసిన చెత్త చివరికి ఎక్కడికి వెళ్తోందన్న దాని మీద జరగలేదు.

ఆకులు, కొమ్మల సంగతి మరీ అన్యాయం. కేంద్రం తెచ్చిన 2016 చెత్త నిబంధనలు తోట చెత్తను ఇంటి ఆవరణలోనే విడిగా ఉంచాలన్నాయి, కాల్చకూడదన్నాయి. పార్కుల ఆకులను వీలైనంతవరకు పార్కులోనే ఎరువు చెయ్యాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. మా వీధిలో వానాకాలం ముందు కరెంటు తీగలకు తగులుతున్నాయని కానుగ చెట్ల కొమ్మలు కొట్టారు. కొట్టినవాళ్లు ఎత్తుకెళ్లలేదు. రోజూ వచ్చే ఆటో అతను "అమ్మా, ఇవి ఎక్కిస్తే ఇళ్ల చెత్తకి చోటుండదు" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. తొమ్మిది రోజులు అక్కడే ఎండాయి. పదో రోజు రాత్రి ఎవరో నిప్పు పెట్టారు. ఎదురింటి పెద్దావిడకు ఆస్తమా. తెల్లారేదాకా ఇన్‌హేలర్ పట్టుకుని కిటికీలు మూసుకుని కూర్చున్నారు.

ఇదే హైదరాబాద్‌లో బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఉంది. పాడైన టమాటాలు, క్యాబేజీ ఆకులు ఒకప్పుడు యార్డుకే పోయేవి. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టాక రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెబితే దేశమంతా విన్నది. అక్కడ పని సాగడానికి పెద్ద కారణం, ఆ చెత్తలో కూరగాయలు తప్ప వేరేవి పెద్దగా లేకపోవడం. ప్యారానగర్ జనం అడుగుతున్న ప్రశ్న కూడా దీని చుట్టూనే తిరుగుతుంది: మా ఊరికి వచ్చేది ఎలాంటి చెత్త?

కొమ్మలకు నిప్పు పెట్టిన ఆ రాత్రి తర్వాత మా కాలనీ వాళ్లం పార్కు మూలన రెండు గోతులు తవ్వించాం. ఆకులు, గడ్డి, పూజ పూలు ఒకదాంట్లో వేసి, పైన కాస్త మట్టి, పేడ నీళ్లు చల్లుతున్నాం. అది నిండాక రెండోది. మొదటి గోతి ఎరువు మొన్న కనకాంబరాలకు వేశాం. కొబ్బరి మట్టలకు, లావు కొమ్మలకు మాత్రం దారి దొరకలేదు. ముక్కలు చేసే మిషన్ వార్డుకి ఒకటి ఇవ్వమని అర్జీ పెట్టాం. మట్టలు ప్రస్తుతానికి గోడ పక్కన పేర్చి ఉన్నాయి.