పిక్కలో ఉన్న పంపు

కాలి లోతు సిరలో రక్తం గడ్డ కట్టింది. డాక్టర్లు డీవీటీ అన్నారు, నెలల తరబడి మందులు వాడించారు. కోర్సు అయిపోయింది. కానీ సాయంత్రమయ్యేసరికి ఆ కాలు ఇంకా బరువెక్కుతోంది, వాస్తోంది, పీకుతోంది. దీన్ని పోస్ట్ థ్రాంబోటిక్ సిండ్రోమ్ అంటారు. డీవీటీ వచ్చినవాళ్లలో నూటికి ఇరవై నుంచి యాభై మందికి ఎంతో కొంత వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే.

రక్తాన్ని పలచబరిచే మందులు గడ్డను పెరగనివ్వవు, అంతే. దాన్ని కరిగించుకునే పని ఒంటిదే. ఆ క్రమంలో సిర లోపల మచ్చ కట్టి, అందులోని కవాటాలు (వాల్వులు) దెబ్బతింటాయి. ఈ కవాటాలను ఇటలీలో ఫాబ్రిసియస్ 1603లోనే బొమ్మలు గీసి చూపించాడు గానీ, అవి కిందికి పారే రక్తాన్ని నెమ్మదింపజేస్తాయనుకున్నాడు. రక్తం గుండె వైపే పోవాలని, వెనక్కి రాకుండా ఆపడమే వీటి పని అని 1628లో చెప్పినవాడు ఆయన శిష్యుడు విలియం హార్వే.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 80, 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నడక మొదలుపెడితే అడుగడుగునా పిక్క కండరం బిగిసి, సిరను పిండి, రక్తాన్ని పంపులా పైకి తోస్తుంది. కవాటాలు బాగుంటే కాసేపట్లోనే ఒత్తిడి 30 లోపుకి దిగుతుంది. పాడైతే, తోసిన రక్తంలో కొంత మళ్లీ జారిపోతుంది, ఒత్తిడి అంతగా తగ్గదు. వాపు, చర్మం నల్లబడటం, ముదిరితే పుండ్లు, అన్నీ దీనివల్లే.

కాలు నొప్పిగా ఉంటే కదపకుండా కూర్చోవాలనిపిస్తుంది. ఇక్కడ అదే చిక్కు. వాడని పిక్క సన్నబడుతుంది, చీలమండ బిగుసుకుపోతుంది, పంపు ఇంకా నీరసిస్తుంది. కవాటం మళ్లీ మొలవదు. కండరాన్ని మాత్రం పెంచుకోవచ్చు. 2011లో కెనడాలో 43 మందితో ఆరు నెలల పాటు చేసిన ప్రయోగంలో, వ్యాయామం చేసినవాళ్ల జీవన నాణ్యత మెరుగైంది. చిన్న ప్రయోగమే, దీన్ని పట్టుకుని అద్భుతాలు ఆశించకూడదు. అయినా వ్యాయామంతో రోగం ముదురుతుందని భయపడ్డవాళ్లకు ధైర్యం ఇచ్చే ఫలితం. బిగుతు మేజోళ్ల సంగతి వేరు: 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అవి ఈ జబ్బును ఆపలేదని తేలింది, కొందరికి బరువు, వాపు తగ్గిస్తాయి కాబట్టి డాక్టర్లు ఇప్పటికీ చెబుతుంటారు.

చేయాల్సింది పెద్ద జిమ్ పని కాదు. నడక, గోడ పట్టుకుని మడమలెత్తి దించడం, కూర్చున్నచోటే పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. నడుస్తుంటే కాలు పగిలిపోతున్నట్టు బిగుసుకుపోతే ఆగి, పడుకుని కాలు పైకి పెట్టుకోండి. కాసేపట్లో సర్దుకున్నాక మళ్లీ నడవండి, ఎంత దూరం నడిచాక బిగుసుకుందో రాసుకుంటే డాక్టర్‌కు చూపించుకోవచ్చు. ఉన్నట్టుండి వాపు పెరిగినా, ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పొచ్చినా వ్యాయామం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.